చేతులు కట్టేసి డెమో ఇచ్చే ఊరు

హైదరాబాదులో ఓపెన్ సోర్సు డెమోలు చూసి చూసి విసుగెత్తిన మనిషిని నేను. నెలకోసారి ఏదో ఒక కంపెనీ తన ఏసీ హాలు ఇస్తుంది. గుమ్మం దగ్గర మెడలో ఒక కార్డు వేస్తారు. ఏదో ఒకటి తయారుచేసినవాళ్ళు వరసగా వచ్చి తమ పనితనం చూపిస్తారు. ఓపెన్ సోర్సంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను: చేసిన వస్తువు తాలూకు కోడూ, బొమ్మలూ, కొలతలూ దాచుకోకుండా బయట పెట్టేస్తారు. ఎవరైనా చూడొచ్చు, చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఉద్దేశం మంచిదే. కాని మా హాల్లో ఏ వస్తువూ చెడిపోగా నేను ఎప్పుడూ చూడలేదు. చెడిపోతుందేమోనని ఇంటి దగ్గరే వీడియో తీసి తెచ్చుకుంటారు మరి! వీడియో అయిపోగానే చప్పట్లు, చప్పట్లు అయిపోగానే పిజ్జా. ఈ సభల గురించి పత్రికలకి రాయడం నా పని కాబట్టి నేనూ చప్పట్లు కొట్టి, పిజ్జా తిని, ఇంటికొచ్చి "అద్భుతం" అని రాసేదాన్ని.

"అనకాపల్లిలో కూడా నెలనెలా జరుగుతోందండీ. బెల్లం కొట్లో. ఒకసారి వెళ్ళి చూడండి, గుండె నిబ్బరం ఉంటేనే," అన్నాడు తెలిసినాయన ఒకడు. డెమోకి గుండె నిబ్బరం ఎందుకయ్యా అని నవ్వాను. వెళ్ళొచ్చాక ఆయనకి ఫోన్ చేసి క్షమించమన్నాను.

బెల్లం వాసన

స్టేషన్ బయటికి రాగానే ఆకలేసి మొదట కనిపించిన హోటల్లో కూర్చున్నాను. ఇడ్లీ, పెసరట్టు, కాఫీ కలిపి మా వీధి చివర కాఫీ ఒక్కదానికి అయ్యేంత కూడా కాలేదు. అంతవరకూ బాగానే ఉంది. సాంబారు నోట్లో పెట్టుకోగానే ఉలిక్కిపడ్డాను. తియ్యగా ఉంది! పాయసంలో ఇడ్లీ ముంచారేమో అనుకున్నాను.

"సాంబారు తియ్యగా ఉందేమిటి?" అన్నాను వడ్డించే ఆవిడతో.

"ఓలమ్మా, బెల్లం ఊళ్ళో దిగి తియ్యగుందేటని అడుగుతారేటండీ," అని ఆవిడ ఇంకో గరిటె పోసింది. రెండో గరిటెకి అలవాటైంది. మూడోది నేనే అడిగాను.

నాకు అక్కడ తెలిసిన పేరు ఒక్కటే, ఇబ్రహీం గారు. బెల్టులు, బేరింగులు, నట్లు, బోల్టులు అమ్మే కొట్టు ఆయనది. నెరిసిన గడ్డం, చెవి మీద పెన్సిలు. డెమోలు మొదలుపెట్టింది ఆయనా, ఆయన స్నేహితులూ. నేను వచ్చిన పని చెప్పగానే కొట్టు పక్కవాళ్ళకి అప్పగించి, "ముందు మార్కెట్టు సూడండి మేడమ్. అది సూడకపోతే మా డెమో మీకు అర్థమవ్వదు," అని బెల్లం మార్కెట్టుకి తీసుకెళ్ళాడు.

తలుపుల్లేని పెద్ద పెద్ద షెడ్లు. నేల మీద బారులు తీరిన బెల్లం దిమ్మలు. పసుపు పచ్చవి, ఎర్రవి, నల్లటివి. కొనేవాడు ఒకడు వచ్చి బంగారంలా మెరుస్తున్న దిమ్మ ముందు కూర్చుని, ఇనప ముక్కతో ఒక్కటిచ్చాడు. దాని మూల విరిగి పడింది. నేను "అయ్యో!" అని పైకే అనేశాను. అమ్మే రైతు మాత్రం కన్నార్పలేదు. కొనేవాడు విరిగిన చోట వేలితో గీకి, నోట్లో వేసుకుని, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

"అంత మంచి దిమ్మని పాడుచేసి కొనకుండా పోయాడేమిటండీ?"

"పైన అన్నీ మెరుస్తూనే ఉంటాయండి. లోపలేటుందో సూడాల కదా. కొట్టి సూడనివ్వనోడి దిమ్మ ఇక్కడ ఎవడూ కొనడు," అన్నాడు ఇబ్రహీం గారు. "మా డెమో కూడా ఇదే పద్ధతి. అంతా ఖుల్లా."

మా ఊళ్ళో బెల్లం ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది, మూత మీద ఆవు బొమ్మతో. కొట్టి చూడాలన్న ఆలోచనే నాకు ఎప్పుడూ రాలేదు.

కొట్లో తువ్వాలు

మర్నాడు మార్కెట్టుకి సెలవు. ఖాళీగా ఉన్న ఒక కొట్లో గోనెసంచులు పరిచారు. నేను వెళ్ళేసరికి జనం కూర్చుని ఉన్నారు. పాలిటెక్నిక్ పిల్లలు, కొట్ల వాళ్ళు, చేలల్లోంచి సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు, పనిలోకి పోతూ ఆగిన ఆడవాళ్ళు. మధ్యలో ఒకావిడ నిలబడి ఉంది. నడివయసు, నిండైన మనిషి. ఇబ్రహీం గారు ఆవిడ చేతులు రెండూ వెనక్కి పెట్టించి ఎర్రగళ్ళ తువ్వాలుతో కట్టేస్తున్నాడు!

నా కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి. నిన్న అంత మర్యాదగా మార్కెట్టు చూపించిన మనిషి ఇలాంటివాడా అనుకున్నాను. ఒక్కరూ అడ్డం రారు, పైగా టీ తాగుతున్నారు. నా చెయ్యి సంచిలోకి, ఫోను కోసం వెళ్ళిపోయింది. ఎవరికి చెయ్యాలో తెలియదు గాని బయటికి తీశాను.

కట్టించుకుంటున్నావిడే నన్ను చూసి పకపకా నవ్వింది. "కంగారు పడకమ్మా, నాకేటీ అవ్వలేదు. డెమో ఇత్తన్నాను!"

నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక ఇబ్రహీం గారు చెప్పాడు. "మొట్టమొదటి డెమోలో ఒకాయన ఫోన్లో ఏదో సేసి తెచ్చేడండి. ఎవరి సేతికిచ్చినా 'ఒక్క నిమిషం, ఒక్క నిమిషం' అని లాక్కుని తనే నొక్కేసేవోడు. సూసి సూసి మా ఎదురుకొట్టు ఆయన, 'ముందు ఈడి సేతులు కట్టెయ్యండ్రా' అన్నాడు. కట్టేసేం. ఆ ఫోను పట్టుకున్నోళ్ళకి ఒక్కటీ నొక్కడం రాలేదు. బస్, ఆ రోజు నుంచి అదే రూలు. సేసినోళ్ళ సేతులు కట్టెయ్యాల. నోరు మూసుకోవాల. మిగిలినోళ్ళు దాన్ని పగలగొట్టాల."

"పగలగొట్టడమా?"

"మరి? కొట్టి సూడకుండా ఎలా కొంటాం? పగిలితే, పగలగొట్టినోడే కట్లు విప్పి, మళ్ళీ డెమోకి దాన్ని బాగుసెయ్యడానికి సేసినోళ్ళతో కూడా కూర్చోవాల. పగలకపోతే, దాన్ని వాడబోయేవోడు వచ్చి విప్పాల."

చప్పట్ల ఊసే లేదు. నేను అడిగితే, "ఎందుకండీ?" అన్నాడాయన, నిజంగా తెలియక.

నిలబడ్డావిడ పేరు సత్యవతి, ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేస్తుంది. చెక్క గాజుకి లోపల గుల్ల తొలిచే అచ్చు ఒకటి తయారుచేసింది. ఆ గుల్లలో గింజలు పోసి మూసేస్తే గాజు గలగలమంటుంది, చంటిపిల్లలకి ఆట. అచ్చు కొలతలన్నీ గీసి, ఎవరైనా చేసుకోండని అందరికీ ఇచ్చేసింది. జనంలోంచి ఒకమ్మాయి లేచి ఆ గాజుని నేలకేసి ఒక్కటి కొట్టింది. మూత ఊడి గింజలన్నీ గోనె మీద చెదిరాయి. నేను కళ్ళు మూసుకున్నాను. సత్యవతి పెదాలు బిగబట్టుకుని నిలబడింది. ఆ అమ్మాయే వెళ్ళి తువ్వాలు విప్పి, "అక్కా, మూతకి మర తిప్పితే ఊడదేమో," అంది. ఇద్దరూ ఓ మూల కూర్చుని గింజలు ఏరుకోవడం మొదలుపెట్టారు. ఎవరికీ కోపం రాలేదు. మా హాల్లో ఎవరి ప్రాజెక్టునైనా అలా నేలకేసి కొడితే ఈపాటికి పోలీసులొచ్చేవాళ్ళు.

మునక్కాడల చెయ్యి

తర్వాత అందరం పెరట్లోకి వెళ్ళాం. అక్కడ చెరుకు ఆడే చిన్న గానుగ ఒకటి, పాతది, మోటారుతో సహా దింపి ఉంది. దాని పక్కన నాగమణి. చీడికాడ వైపు ఊరు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివింది. సన్నగా, నిద్ర చాలని కళ్ళతో ఉంది. ఇబ్రహీం గారు అడక్కముందే చేతులు వెనక్కి పెట్టింది.

ఆవిడ చేసింది చెప్పాలంటే ముందు ఆవిడ మామగారి గురించి చెప్పాలి. సన్నిబాబు గారు గోడవారగా నిలబడి ఉన్నాడు. భుజం మీదనుంచి తువ్వాలు కుడిచేతిని కప్పుతోంది. గాలికి తువ్వాలు తొలిగినప్పుడు చూశాను, మణికట్టు దగ్గరే చెయ్యి ఆగిపోయింది. గానుగలో చెరుకు పెడుతూ పెడుతూ ఉండగా రోలర్లు లాగేసుకున్నాయట. చూపు తిప్పుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఇప్పుడు అదే గానుగ దగ్గర, అదే చోట, చెరుకు పెట్టేది ఆయన కొడుకు ఈశ్వర్రావు. నాగమణి భర్త.

చెయ్యి రోలర్ల దగ్గరికి రాగానే గానుగ ఆగిపోయే ఏర్పాటు చేసింది నాగమణి. పైన ఒక కెమెరా. అది చేతిని గుర్తుపట్టగానే బెల్టు వదిలేసి బ్రేకు పట్టేస్తుంది. ఈశ్వర్రావు పనిచేసే గానుగ సొంతదారు దేముడు గారు. సన్నిబాబుకి వరసకి బావ. జనానికి ముందు కుర్చీలో కూర్చుని ఆయన తన మాట చెప్పేశాడు.

"సూడమ్మా నాగమణీ, ఆగితే ఈ ఏడే నా గానుగకి పెట్టుకుంటాను. ఆగకపోతే ఒక్క మేకు కూడా దిగనివ్వను. సగం కాపలా ఉందనుకో, మనిషికి దైర్యం వచ్చేత్తాది. దైర్యం వచ్చినోడే సెయ్యి లోపలెట్టేత్తాడు."

నాగమణి తలూపింది, మాట్లాడ్డానికి లేదు కదా. చెరుకు కోతకొచ్చి ఉంది. ఇంకొద్ది రోజుల్లో గానుగ మొదలవుతుంది. ఏర్పాటు ఉన్నా లేకపోయినా ఈశ్వర్రావు చేతులు అక్కడే ఉంటాయి.

పరీక్షకి దొంగ చెయ్యి ఒకటి చేశారు. రబ్బరు గ్లౌజులో మునక్కాడ ముక్కలు కుక్కి, కర్రకి కట్టారు. ఒక్కొక్కరూ వచ్చి దాన్ని గానుగలోకి తోశారు. నెమ్మదిగా తోశారు, విసురుగా తోశారు, చెరుకు కట్టల చాటున దాచి తోశారు. ప్రతిసారీ గానుగ ఠక్కున ఆగిపోయింది. దేముడు గారు కుర్చీలో ముందుకి వంగాడు. నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను.

అప్పుడు ఈశ్వర్రావు లేచాడు. దొంగ చెయ్యి పట్టుకుని గానుగ ముందు నిలబడ్డాడు. ఏదో తక్కువైనట్టు అటూ ఇటూ వెతికి, కింద పడున్న గోనె ముక్క తీసి ఆ చేతికి చుట్టాడు. చెరుకు రసంలో తడిపాడు. దాని మీద పిప్పి అంటుకుంది. చెరుకు గెడలతో కలిపి లోపలికి తోశాడు.

గానుగ ఆగలేదు.

గ్లౌజు చిట్లిన చప్పుడు, మునక్కాడలు నలిగిన చప్పుడు వినిపించాయి. అవతల వైపునుంచి పిప్పితో పాటు ఆకుపచ్చగా నలిగిన వేళ్ళు బయటికొచ్చాయి.  సన్నిబాబు గారు గోడ వైపు తిరిగిపోయాడు. నాగమణి కట్టేసిన చేతులు ఒక్కసారి గుంజుకుంది, అంతే, మళ్ళీ కదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా లేదు.

"అయిపోనాదమ్మా," అని దేముడు గారు లేచిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం నెలల తరబడి నిద్రమాని చేసినదాన్ని మొగుడే నలుగురిలో పగలగొడతాడా? ఊరుకోలేక వెళ్ళి అడిగేశాను.

"మీరెందుకండీ ఆ పని చేశారు? గోనె చుట్టకపోతే నెగ్గేది కదా!"

అతను నావైపు చూడకుండా నాగమణి చేతుల తువ్వాలు ముడి విప్పుతూనే చెప్పాడు. "సెరుకాకు సేతుల్ని కోసేత్తాదండి. రోజూ గోనె సుట్టుకునే పెడతాను. ఇక్కడ సుట్టుకోకుండా ఆగితే అక్కడ ఆగుద్దేటండీ? ఈడ నిలబడేవరకూ నాకూ తట్టలేదు. సేతులే గోనె ఎతుక్కున్నాయి."

కట్లు ఊడగానే నాగమణి కళ్ళు తుడుచుకుంది. "ఇంటికాడ అన్నిసార్లు సెయ్యెట్టి సూపించేవు. గోనె మాట ఒక్కసారన్నా సెప్పలేదేటి?"

"సెప్పాలని ఎవుడికి తెలుసు? సొక్కా తొడుక్కుని ఎల్తానని సెప్తానేటి?"

అంత ఏడుపులోనూ నాగమణికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. ఎంత చిన్న విషయం! అడగాలని ఆవిడకి తోచలేదు, చెప్పాలని ఇతనికి తోచలేదు. మా హాల్లో అయితే దీనికి వీడియో తీసి, చప్పట్లు కొట్టి, నేను "అద్భుతం" అని రాసేసేదాన్ని. ఆ రాత చదివి ఎవరో గానుగకి పెట్టుకునేవారు. 

పగలగొట్టినవాడే బాగుచెయ్యడానికి కూర్చోవాలి కాబట్టి మొగుడూ పెళ్ళాలు గోనె మీద ఎదురుబదురుగా కూర్చున్నారు. కెమెరా పనికిరాదు. గోనెలో ఉన్నా, పిప్పిలో ఉన్నా తెలియాలి. అవతల మూల సత్యవతి గాజులో మళ్ళీ గింజలు పోసి ఊపుతోంది. ఆ గలగల విని నాగమణి తలెత్తింది.

"అక్కా, ఆ గుల్లలో అయస్కాంతం ముక్క పడతాదేటి?"

ఏటికొప్పాక

మర్నాడు సత్యవతి, నాగమణి, ఈశ్వర్రావులతో పాటు నేనూ ఏటికొప్పాక వెళ్ళాను. దేముడు గారిని ఇబ్రహీం గారే బతిమాలి ఒప్పించాడు, గానుగ మొదలుపెట్టే పొద్దున్న ఇంకొక్క డెమో చూస్తానని. నన్ను ఎవరూ రమ్మనలేదు, పొమ్మనా లేదు.

సత్యవతి ఇంటి పంచలోనే లేతు మిషను. తిరిగే అంకుడు కర్రకి ఉలి ఆనిస్తే, కర్ర వెన్నముద్దలా జారుతుంది. తర్వాత రంగు లక్క కణికని ఆనిస్తుంది. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. మొగలాకుతో రుద్దగానే అద్దంలా మెరుస్తుంది. నేను నోరు తెరుచుకుని ముందుకి వంగాను.

"సున్నీ!" అని సత్యవతి అరిచింది. నా చున్నీ కొస తిరిగే కర్రకి జానెడు దూరంలో ఊగుతోంది. అప్పటికే ఈశ్వర్రావు స్విచ్చి ఆపేశాడు. ఆ తర్వాత చున్నీ నడుముకి బిగించి, గోడకి ఆనుకుని కూర్చున్నాను. గానుగ ముందు జీవితమంతా నిలబడే మనిషి ఎంత వేగంగా స్విచ్చి మీదకి వెళ్ళాడో అని ఆ పూటంతా అదే తలుచుకున్నాను.

మధ్యాహ్నం సత్యవతి ఇంట్లోనే రాగులతో కాచిన చోడి అంబలి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర. ఆవ ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కి కళ్ళమ్మట నీళ్ళు తెప్పించింది. "తియ్యటి సాంబారే నయం," అంటే అందరూ నవ్వారు, ఈశ్వర్రావు తప్ప. అతను పొద్దుటినుంచీ ఆ గాజునే చూస్తున్నాడు.

సత్యవతి అడిగింది, "ఏ రంగు ఎయ్యమంటావు తమ్ముడూ?"

"రంగొద్దప్పా."

"లక్క లేకపోతే రసం తగిలి కర్ర ఉబ్బిపోతాది."

"ఎర్రది వెయ్యక్కా," అంది నాగమణి. "ఎవరు తొడుక్కున్నారో, ఎవరు మానేశారో దూరం నుంచే తెలియాల."

అప్పుడుగాని నా మట్టిబుర్రకి వెలగలేదు. మగవాడు! చేతికి ఎర్ర గాజు! మన దగ్గర మగాణ్ణి తిట్టాలంటే మొదట వచ్చే మాట, గాజులు తొడుక్కున్నావా అనే కదా.

"కడియమనుకో," అంది సత్యవతి నెమ్మదిగా. "ఇనుమైతే అయస్కాంతానికి అడ్డం కాబట్టి కర్రతో సేసేం."

"నేననుకుంటే సరిపోద్దేటప్పా? సూసినోళ్ళు అనుకోవాల కదా," అన్నాడు ఈశ్వర్రావు.  నాగమణి అయస్కాంతం ముక్కలు గుల్లలో పేరుస్తూ, తలెత్తకుండా ఆ మాట విన్నది. నిన్నటిదాకా యంత్రం ఆగుతుందా లేదా అన్నదే బెంగ. ఇప్పుడు ఇంకో బెంగ మొదలైంది, దానికి ఏ డిప్లొమా లేదు.

చీడికాడ దారిలో గానుగ

గానుగ మొదలెట్టే పొద్దున్న. మోటారుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టారు. పెద్ద పెనం కింద పిప్పి మంట అంటించడానికి సిద్ధంగా ఉంది. పనివాళ్ళు, చుట్టుపక్కల గానుగల వాళ్ళు, ఇబ్రహీం గారు, సత్యవతి అందరూ వచ్చారు. నాగమణి రోలర్లకి మూరెడు ఇవతల, అయస్కాంతాన్ని పసిగట్టే ఒక చెక్క చట్రం బిగించింది. లోపల అయస్కాంతం ఉన్న చెక్క గాజు ఆ చట్రం దాటితే గానుగ ఆగాలి. బిగించి, వెనక్కొచ్చి, చేతులు వెనక్కి పెట్టింది. ఇబ్రహీం గారు తువ్వాలు కట్టాడు.

కొత్త దొంగ చెయ్యి, దానికి ఎర్ర గాజు, గాజు మీద గోనె, గోనె మీద రసం, పిప్పి. పగలగొట్టడం దేముడు గారే మొదలెట్టాడు. ఎలా తోసినా, ఎంత దాచినా, చట్రం దగ్గరే గానుగ ఆగిపోయింది. వచ్చినవాళ్ళంతా తలో చెయ్యీ వేశారు. ఒక్క మునక్కాడ కూడా నలగలేదు.

"మెషినుకి పేరెట్టడానికి లేదమ్మా," అన్నాడు దేముడు గారు చేతులు దులుపుకుంటూ. "కాని దీన్ని ఎవుడు తొడుక్కుంటాడు?"

అదే అదనుగా పనివాళ్ళలో ఒకడు, "గాజులేసుకుని పన్లోకి రమ్మంటావేటి దేముడు మామా?" అన్నాడు. ఇంకొకడు, "రేపు సీర కూడా కట్టుకోమంటారు," అన్నాడు. నవ్వులు. దేముడు గారు కూడా నవ్వాడు. అందరి చూపూ ఈశ్వర్రావు మీదే. ఎర్ర గాజు అతని గుప్పిట్లో ఉంది. అతను దాన్ని చూశాడు, నేల చూశాడు. తొడుక్కోలేదు.

నేను నిర్ఘాంతపోయాను. నలుగురిలో పెళ్ళాం కష్టాన్ని పగలగొట్టి నిజం చెప్పిన మనిషి, ఓ కర్ర ముక్కకి భయపడతాడా? నాగమణికి నోరు విప్పడానికి లేదు. చేతులు కట్టేసి ఉన్నాయి. తనే వెళ్ళి అతని చేతికి తొడగడానికి కూడా లేదు. ఈ దిక్కుమాలిన రూలు ఎవడు పెట్టాడని ఇబ్రహీం గారి మీద నాకు పట్టరాని కోపమొచ్చింది.

పిప్పి గుట్ట దగ్గరనుంచి సన్నిబాబు గారు నడిచొచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి పక్కన పడేశాడు. అంతమంది ముందు ఆ చెయ్యి కప్పుకోకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. సత్యవతి బుట్టలోంచి ఇంకో ఎర్ర గాజు ఎడంచేత్తో తీసుకున్నాడు. మోకాళ్ళ మధ్య ఇరికించి చెయ్యి దూర్చబోయాడు, జారిపోయింది. పళ్ళతో పట్టుకుని చూశాడు. కింద పడి దొర్లింది. వంగి తీసుకున్నాడు. నవ్వేవాళ్ళు ఇంకా ఒకరిద్దరు నవ్వుతున్నారు.

తిన్నగా దేముడు గారి దగ్గరికి వెళ్ళి గాజు ఇచ్చి, ఎడంచెయ్యి చాపాడు.

"తొడుగు బావా."

"నీకెందుకు బావా? నువ్వు గానుగ కాడికి రావు కదా..."

"తొడుగు. నాకు తొడుక్కోడానికి రెండో సెయ్యి లేదు."

నవ్వులు ఆగిపోయాయి. దేముడు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.  ముసలాయన కణుపుల దగ్గర గాజు పట్టేసింది. గాజులమ్మే మనిషిలా అరచెయ్యి నొక్కి, కొంచెం కొంచెంగా తోసి తొడిగాడు. సన్నిబాబు గారు ఆ చెయ్యి పైకెత్తి కొడుకు వైపు చూపించాడు.  నాకు మాత్రం ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

ఈశ్వర్రావు గాజు తొడుక్కున్నాడు. గోనె చుట్టుకోకముందే చెయ్యి అందరికీ కనిపించేలా పెట్టుకుని గానుగ దగ్గరికి నడిచాడు. ఇందాక చీర మాట అన్నవాడు తల వంచుకుని సత్యవతి బుట్ట దగ్గరికి వెళ్ళాడు. దేముడు గారు తన సైజుది ఉందా అని అడిగాడు.

మోటారు వెయ్యడానికి ఎవరో చెయ్యి చాపితే, "ఆగండి," అన్నాడు ఇబ్రహీం గారు. "కట్లు ఇంకా ఇప్పలేదు."

నిజమే, నాగమణిని అందరం మర్చిపోయాం. ఇందాకటినుంచీ అలాగే, చేతులు వెనక్కి కట్టించుకుని, మొహం తడిసి నిలబడి ఉంది. పగలకపోతే వాడబోయేవాడు విప్పాలి. ఈశ్వర్రావు వెనక్కి నడిచొచ్చి ఆవిడ వెనకాల నిలబడ్డాడు. ముడి బాగా బిగుసుకుంది, విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పుతున్నంతసేపూ అతని ఎర్ర గాజు ఆవిడ మట్టిగాజులకి తగిలి చప్పుడవుతూనే ఉంది.